ఉదకమండలం వేసవి ఉత్సవాలు: ఆతిథ్యం, అతిథి ధర్మం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు చెబుతారు. మైదానాలలో నివసించే తెలుగువారికి వేసవి అంటే తలుపులు మూసుకొని కూర్చునే కాలం. సభలైనా, నాటకాలైనా, బంధువుల రాకపోకలైనా పొద్దు వాలిన తరువాతనే. కొండమీది ఊళ్లలో ఇది తారుమారవుతుంది. మనం తలుపులు మూసుకునే నెలల్లోనే ఆ ఊళ్లు తలుపులు తెరుస్తాయి. పూల ప్రదర్శనలు, పండ్ల ప్రదర్శనలు, పడవ పందేలు, జానపద నృత్యాలు, సంగీత సభలు ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. ఈ ఉత్సవాలు ఎలా పుట్టాయి, ఎవరి శ్రమతో నడుస్తున్నాయి, నేడు వాటికి ఎదురవుతున్న చిక్కు ఏమిటి అనే విషయాలను నీలగిరులలోని ఉదకమండలాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించదలచాం. మనలో చాలామందికి ఈ ఊరు ఊటీ అనే పేరుతోనే పరిచయం. సినిమా పాటల పుణ్యమా అని అక్కడి పచ్చిక మైదానాలు చూడనివారికి కూడా చూసినట్లే ఉంటాయి. అయితే తెర మీద కనిపించే ఊటీ వేరు, ఏడాది పొడవునా మనుషులు బ్రతికే ఊటీ వేరు.

ముందుగా కాలాన్ని గురించి చెప్పుకోవాలి. ఉదకమండలం సముద్రమట్టానికి సుమారు 2240 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారేసరికి గడ్డి మీద తెల్లని మంచుపొర పేరుకుంటుంది. జూన్‌లో నైరుతి ఋతుపవనం, అక్టోబరులో ఈశాన్య ఋతుపవనం వానలు తెస్తాయి. చలికీ వానకూ నడుమ దొరికే విరామం ఏప్రిల్, మే నెలలు. ఆ రోజుల్లో పగటి వేడి సాధారణంగా 25 డిగ్రీలు దాటదు. మనకు కార్తీకమాసంలో ఉండే హాయి వారికి వైశాఖంలో దొరుకుతుందన్నమాట. ఈ రెండు నెలలనే అక్కడివారు ‘సీజన్’ అంటారు. ఊరి హోటళ్లు, దుకాణాలు, టాక్సీలు, గుర్రపు స్వారీలవారు, ఇంట తయారైన చాక్లెట్లు, నీలగిరి తైలం అమ్మేవారు అందరూ ఈ రెండు నెలల రాబడి మీద తక్కిన పది నెలలు గడుపుకోవలసినవారే. కనుక అక్కడ వేసవి ఉత్సవమంటే వినోదమే కాదు, జీవనాధారం కూడా.

ఈ సీజన్‌కు మూలం ఆంగ్లేయుల పాలనలో ఉంది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1819లో ఈ కొండలు ఎక్కి వచ్చాడు. తోడా జాతివారి వద్ద ఎకరం రూపాయి చొప్పున భూమి తీసుకొని, 1822లో రాతి ఇల్లు కట్టడం ప్రారంభించాడు. ఆ ‘స్టోన్ హౌస్’ నేడు ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ఆవరణలో ఉంది. సల్లివానే వాగులకు కట్ట వేయించి 1824 ప్రాంతంలో చెరువును ఏర్పరచాడు. బంగాళాదుంప, క్యాబేజీ వంటి సీమ కూరగాయల సేద్యానికి ఆద్యుడు కూడా అతడే. 1830 ప్రాంతంలో నిర్మించిన సెయింట్ స్టీఫెన్స్ చర్చి దూలాలు శ్రీరంగపట్టణంలోని టిప్పు సుల్తాను మహలు నుంచి తెచ్చినవి. అంత బరువైన కలపను మైదానం నుంచి కొండమీదికి చేర్చిన కూలీల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు.

క్రమంగా ఉదకమండలం మదరాసు ప్రభుత్వానికి వేసవి రాజధాని అయింది. ఎండలు రాగానే గవర్నరు, కార్యదర్శులు, గుమాస్తాలు, దస్త్రాలు అన్నీ కొండ ఎక్కేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసులోనివే కనుక, మన జిల్లాల కాగితాలు కూడా వేసవిలో ఆ కొండకే ప్రయాణం చేసేవి. 1876–78 సంవత్సరాలలో దక్షిణ భారతమంతటా ఘోరమైన కరువు వచ్చింది. బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలలో లక్షలాది ప్రజలు ఆకలికి, రోగాలకు బలి అయ్యారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు హయాంలోనే ఉదకమండలంలో కొత్త గవర్నమెంటు భవనం లేచింది. పాలకులు ఏటా కొండకు తరలిపోవడాన్ని మదరాసు పత్రికలు, పౌరులు ఆ తరువాతి కాలంలో గట్టిగా ఖండించారు. అందుచేత ఆ వేసవి వినోదాలకు మొదట ఊరి ప్రజలతో గాని, దేశ ప్రజలతో గాని సంబంధం లేదు. నృత్యాలు, వేటలు, గుర్రపు పందేలు దొరల కోసం. మైసూరు, హైదరాబాదు వంటి సంస్థానాల ప్రభువులు కూడా అక్కడ భవనాలు కట్టించుకున్నారు. పల్లకి మోసేవారు, వంట చేసేవారు, తోటపని చేసేవారు ఆ ఉత్సవాన్ని వెనుక వాకిలి నుంచి చూసినవారే.

దొరల కోసం మొదలైన పండుగ ప్రజల పండుగగా మారిన తీరు తెలుసుకోవాలంటే ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానవనం చరిత్ర చూడాలి. ఆ తోట పూల కోసం పుట్టలేదు. చౌకగా కూరగాయలు దొరకాలనే ఉద్దేశంతో అక్కడి ఐరోపావారు 1847లో నెలకు మూడేసి రూపాయలు చందాలు వేసుకొని దానిని ఆరంభించారు. మరుసటి ఏడాది వచ్చిన తోటల నిపుణుడు మెక్‌ఐవర్ దానికి నేటి రూపురేఖలు దిద్దాడు. కొండవాలు మీద అంచెలంచెలుగా సుమారు 22 హెక్టార్లలో పరచుకొన్న ఆ తోటలో 1896లో పుష్ప ప్రదర్శన మొదలైంది. 2023 మే నెలలో జరిగినది 125వ ప్రదర్శన. మూడు నాలుగు రోజులకు పరిమితమైన ఆ వేడుక 2025లో మే 15 నుంచి 25 వరకు పదకొండు రోజులు సాగింది. నూరేళ్ల ప్రదర్శనకు గుర్తుగా 1995లో ఎల్క్ హిల్ వాలు మీద ప్రత్యేకంగా గులాబీ తోట వేశారు. వేలాది రకాల గులాబీలున్న ఆ తోటకు 2006లో ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య వారి పురస్కారం లభించింది. గులాబీల ప్రదర్శన కూడా ప్రతి వేసవిలో అక్కడే జరుగుతుంది.

ప్రదర్శన నాడు మనం చూసేది కొన్ని నెలల శ్రమకు చివరి ఘట్టం మాత్రమే. మే నెలలో పూయవలసిన పెటూనియా, సాల్వియా, డాలియా, పాన్సీ మొదలైన మొక్కలకు చలికాలంలోనే విత్తనాలు చల్లాలి. ఆ రోజుల్లోనే తెల్లమంచు కురుస్తుంది. లేత మొలక మీద మంచు పేరుకుంటే ఎండ పడగానే ఆకు మాడిపోతుంది. అందుకని తోటమాలులు సాయంకాలం మొక్కలకు కప్పులు వేసి, ఉదయాన్నే నీరు చిలకరించి కాపాడతారు. నారు తీసి వేలకొలది కుండీలలో నాటుతారు. ఏ రకం ఎన్ని రోజులకు మొగ్గ తొడుగుతుందో లెక్కకట్టి, అన్నీ ఒకే వారంలో విచ్చుకునేటట్లు నాటే తేదీలను నిర్ణయిస్తారు. మే మొదటి వారాల్లో వడగండ్ల వాన ఒక్క గంట కురిస్తే చాలు, నాలుగు నెలల కష్టం నేలపాలవుతుంది. ప్రదర్శనకు ముందు కుండీలను మెట్లు మెట్లుగా అమర్చుతారు. కార్నేషన్ల వంటి కోసిన పూలతో కోటలు, పక్షులు, రైలుబండ్లు వంటి పెద్ద రూపాలను నిర్మిస్తారు. చూపరులు ఫోటోలు తీసుకునేది ఆ రూపాల వద్దనే. అయినా తోటమాలి పనితనం తెలిసేది కుండీల వరుసలలోనే అని మా అభిప్రాయం.

ఆ ప్రదర్శనలో బయటివారి కంట పడని మరొక భాగం ఉంది. అదే ఇంటి తోటల పోటీ. ఊరిలోని గృహస్థులు, పాఠశాలలు, కార్యాలయాలు, ఎస్టేట్లు తమ తోటలను పోటీకి నమోదు చేసుకుంటాయి. న్యాయనిర్ణేతలు ప్రదర్శనకు ముందే ఇంటింటికీ వెళ్లి చూసి మార్కులు వేస్తారు. పూలతోట, కూరగాయల తోట, కుండీల తోట ఇలా వేరువేరు తరగతులు ఉంటాయి. గెలిచినవారికి ఏటా చేతులు మారే కప్పులు బహూకరిస్తారు. పెరట్లో నాలుగు మడులున్న సామాన్య గృహిణి కూడా ఈ పోటీలో పాల్గొనవచ్చు. దొరల చందాలతో మొదలైన తోట ఊరివారి పెరళ్లలోకి నడిచి వచ్చింది ఈ దారి వెంటనే.

వేసవి ఉత్సవం ఉదకమండలంతో ముగియదు. నీలగిరి జిల్లాలోని నాలుగు ఊళ్లు తమలో తాము పంచుకొన్నట్లుగా దీనిని జరుపుతాయి. ఈ పంపకంలో ఒక భౌగోళిక సూత్రం ఇమిడి ఉంది. సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉన్న గూడలూరులో మిరియాలు, ఏలకులు, లవంగాలు పండుతాయి. అక్కడ జరిగేది సుగంధ ద్రవ్యాల ప్రదర్శన. సుమారు 1800 మీటర్ల ఎత్తున ఉన్న కోటగిరి చుట్టూ క్యారెట్టు, బీట్‌రూటు, క్యాబేజీ మడులు. అక్కడి నెహ్రూ పార్కులో కూరగాయల ప్రదర్శన జరుగుతుంది. దాదాపు అంతే ఎత్తున ఉన్న కూనూరులో 1874లో ఏర్పడిన సిమ్స్ పార్కు ఉంది. ప్లమ్, పీచ్, పియర్ వంటి చలిదేశపు పండ్లు ఆ ప్రాంతానికి అలవాటైనవి కనుక అది పండ్ల ప్రదర్శనకు నెలవయింది. అన్నిటికన్నా ఎత్తున ఉన్న ఉదకమండలానికి పూలు దక్కాయి. ఈ నాలుగింటినీ వరుసగా చూసినవారికి కొండ ఎత్తు పెరిగిన కొద్దీ పంట ఎలా మారుతుందో పుస్తకం తెరవకుండానే బోధపడుతుంది. కూనూరు, ఉదకమండలాలను కలిపే కొండ రైలు కూడా దర్శనీయమే. మేట్టుపాళయం నుంచి కూనూరు వరకు 1899లోనూ, ఉదకమండలం వరకు 1908లోనూ నడిచిన ఈ మార్గం పొడవు 46 కిలోమీటర్లు. నిట్టనిలువు వాలులో చక్రాలు జారకుండా పట్టాల నడుమ పళ్లపట్టీ అమర్చారు. 2005లో యునెస్కో దీనికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది.

వేసవిలో జరిగే ఇతర కార్యక్రమాలలో చెరువు మీద పడవ పందేలు, జాతి కుక్కల ప్రదర్శన పేర్కొనదగినవి. గుర్రపు పందేలు కూడా చిరకాలం ఆ ఊరి వేసవికి గుర్తుగా ఉండేవి. కౌలు బకాయిల వివాదం న్యాయస్థానం దాకా వెళ్లిన మీదట, 2024 జూన్‌లో ప్రభుత్వం ఊరి నడిబొడ్డునున్న ఆ పందేల మైదానాన్ని స్వాధీనం చేసుకుంది. కాలం మారితే పండుగలోని అంశాలు కూడా మారక తప్పదు.

ఇవన్నీ బయటివారి రాకను దృష్టిలో ఉంచుకొన్న ఉత్సవాలు. ఊరివారు తమ కోసం తాము జరుపుకునే వేసవి పండుగ మరొకటి ఉంది. అది అంగడి చేరువలోని మారియమ్మన్ ఆలయపు ఉత్సవం. మార్చిలో మొదలై ఏప్రిల్ మధ్యలో రథోత్సవం దాకా నెలకు పైగా సాగుతుంది. ఒక్కొక్క రోజు ఊరేగింపు బాధ్యతను ఒక్కొక్క సమాజం వహిస్తుంది. రథం కదిలే రోజున భక్తులు దాని మీద ఉప్పు చల్లుతారు. మైదానం నుంచి కూలికీ, వర్తకానికీ వచ్చి స్థిరపడిన భిన్నకులాల, భిన్నభాషల జనాన్ని ఒక ఊరుగా కట్టి ఉంచిన వాటిలో ఇటువంటి పండుగలకు పెద్ద స్థానం ఉంది.

ఇంతకన్నా ముందే ఆ కొండల మీద ఉన్నవారు తోడాలు, కోటలు, కురుంబలు, ఇరులలు. తరువాత కొన్ని శతాబ్దాల క్రితం మైసూరు వైపు నుంచి వచ్చి సేద్యం చేపట్టినవారు బడగలు. తోడా, కోట భాషలు మన తెలుగు వలెనే ద్రావిడ కుటుంబానికి చెందినవి. 1935–38 నడుమ మన దేశంలో ఉండి ఈ భాషలను పరిశీలించిన ఆచార్య ఎమెనో, తోడాల పాటలను సేకరించి 1971లో గ్రంథంగా వెలువరించారు. తోడాలు తమ సమాజంలో జరిగే ప్రతి ముఖ్య సంఘటన మీద పాట కడతారని, ఆ పాటలలో జంట వాక్యాల నియమం ఉంటుందని ఆయన చూపించారు. లిపి లేనంత మాత్రాన సాహిత్యం లేదనుకోవడం సరికాదని తెలుగు విద్యార్థులు దీని నుంచి గ్రహించాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం తోడాలు సుమారు రెండు వేల మంది. ఉద్యానవనం పై అంచున నేటికీ ఒక తోడా పల్లె ఉంది. ఎరుపు, నలుపు దారాలతో వారి స్త్రీలు కుట్టే అల్లికకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. వేసవి ఉత్సవ వేదికల మీద బడగ, తోడా నృత్యాలను పర్యాటకులు ముచ్చటపడి తిలకిస్తారు. పది నిమిషాల నృత్యం చూసి ఒక జాతిని తెలుసుకొన్నామని అనుకోవడం మాత్రం పొరపాటు.

ఇక నేటి చిక్కు సంగతి. 2011 లెక్కల ప్రకారం ఉదకమండలం పట్టణ జనాభా 88 వేల పైచిలుకు. వేసవిలో వచ్చే జనం ఆ సంఖ్యను ఎన్నో మడతలు దాటుతుంది. వారందరికీ నీరు కావాలి. కొండమీది జలాశయాలు అడుగంటే నెలలూ, అతిథులు వెల్లువెత్తే నెలలూ ఒకటే. హోటలులో కుళాయి ఆగకుండా పారుతున్నప్పుడు ఎగువ వీధిలోని గృహిణి బిందె పట్టుకొని వాహనం కోసం ఎదురుచూస్తుంటుంది. సల్లివాన్ కట్టించిన చెరువులోకి ఊరి మురుగు చేరి దశాబ్దాలయింది. వాహనాల వరుసలో రోగిని తీసుకుపోయే బండి కూడా చిక్కుకుంటుంది. 2024 ఏప్రిల్ చివరి వారంలో అక్కడ 29 డిగ్రీల వేడి నమోదయింది. కొండకు కూడా ఎండ సెగ తగులుతున్నదనడానికి ఇది హెచ్చరిక.

ఈ పరిస్థితిని చక్కదిద్దే ప్రయత్నాలు లేకపోలేదు. 2019లో జిల్లా యంత్రాంగం ప్లాస్టిక్ నీటి సీసాలను నిషేధించి, దారుల వెంట నీటి ఏటీఎంలను నెలకొల్పింది. మదరాసు హైకోర్టు ఆదేశాల మేరకు 2024 మే 7 నుంచి బయటి వాహనాలకు ఇ-పాస్ తప్పనిసరి అయింది. 2025 ఏప్రిల్ నుంచి జూన్ వరకు మామూలు రోజుల్లో 6 వేలు, వారాంతాలలో 8 వేల వాహనాలు మాత్రమే రావాలనే పరిమితి అమలయింది. స్థానిక వాహనాలకు, ప్రభుత్వ బస్సులకు ఈ పరిమితి లేదు. అయితే ఈ నిర్ణయాన్ని ఊరంతా ఒక్క గొంతుతో స్వాగతించలేదు. రాబడి పోతుందని వర్తకులు 2025 ఏప్రిల్‌లో దుకాణాలు మూసి నిరసన తెలిపారు. రెండు నెలల సంపాదనతో ఏడాది గడిపేవారి ఆందోళనను తేలికగా కొట్టిపారేయలేము. అలాగే నీటికోసం వేచి ఉండే గృహిణి మాటనూ పెడచెవిన పెట్టలేము. అతిథి రాకపోతే ఆతిథేయికి పూట గడవదు. అతిథులు మితిమీరితే ఆతిథేయి ఇల్లే నిలవదు. కొండ ఊళ్లన్నిటి ముందూ ఉన్న సమస్య ఇదే. మా దృష్టిలో పరిమితి అవసరమే. వాహనాలకు హద్దు పెట్టి, బస్సులను, రైలును పెంచితే మనుషుల రాక తగ్గనవసరం లేదు, బండ్ల రద్దీ మాత్రం తగ్గుతుంది.

ఇది పరాయి ఊరి గొడవ అని మనం అనుకోరాదు. మదనపల్లె చేరువలోని హార్సిలీ కొండ కూడా కడప కలెక్టరు హార్సిలీ 1870 ప్రాంతంలో ఇల్లు కట్టుకోవడంతో వేసవి విడిది అయినదే. సుమారు 1265 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చిన్న కొండకు సెలవు రోజుల్లో వెళ్లే జనం నానాటికీ పెరుగుతున్నారు. ఉదకమండలం ఆలస్యంగా నేర్చుకొంటున్న పాఠాన్ని మన కొండలు ముందుగానే నేర్చుకోవడం మంచిది.

ఉర్దూలో ఆతిథేయిని ‘మేజ్‌బాన్’ అంటారు. తోటమాలిని ‘బాగ్‌బాన్’ అంటారు. రెండు మాటల చివరనున్న ‘బాన్’ అనే ప్రత్యయానికి కాచి రక్షించేవాడని అర్థం. ఉదకమండలం వేసవిలో ఈ ఇద్దరూ ఒక్కరే. మంచు రాత్రులలో మొలకను కాచినవాడే మే నెలలో మనకు స్వాగతం చెబుతాడు. ఏటా మన కళాశాలల నుంచి విద్యార్థులు విహారయాత్రలకు వెళుతూనే ఉంటారు. వెళ్లేవారికి మేము చెప్పదలచినది స్వల్పం. సొంత బండి కన్నా బస్సునో రైలునో ఆశ్రయించండి. నీటి సీసా ఇంటి నుంచి తీసుకుపోయి, తిరిగి ఇంటికే తెచ్చుకోండి. బస చేసిన చోట కుళాయి కట్టేయండి. పూల కోట ముందు ఫోటో తీసుకున్న తరువాత, ప్రక్కనే కుండీలకు నీరు పోస్తున్న తోటమాలిని ఆ మొక్క ఎప్పుడు నాటారని అడిగి తెలుసుకోండి. ఆ పది నిమిషాల సంభాషణ మీ యాత్రలో మీరు తెచ్చుకోగలిగిన వాటన్నిటిలోకీ విలువైనది అవుతుంది.